మందంలోనే ఉంది స్వరం

హంపి విఠలాలయంలో రాతి స్తంభాలు స్వరాలు పలుకుతాయని బళ్లారి సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. 2021లో హంపి బళ్లారి నుంచి విడిపోయి విజయనగర జిల్లాలోకి వెళ్లింది. సరిహద్దు గీతలు ఎన్ని మారినా ఆ స్తంభాల కథలు మాత్రం ఇటు తెలుగులోనూ అటు కన్నడంలోనూ తగ్గలేదు. లోపల బోలుగా ఉన్నాయని కొందరు, ఏదో లోహం పోశారని ఇంకొందరు అంటారు. తెల్లదొరలు రెండింటిని కోయించి చూశారని గైడ్లు చెబుతారు.

కోయకుండానే చూసినవాళ్లు కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు. 2008లో అచ్చయిన వారి పరిశీలనలో ఒక సాధనం అల్ట్రాసౌండ్, అంటే మన చెవికి అందని ధ్వని. దాన్ని రాతిలోకి పంపి చూస్తే బోలూ లేదు, లోహమూ లేదు, అంతా గట్టి రాయే. తట్టినప్పుడు సన్నటి రాతి కడ్డీ వంగి కంపిస్తుంది. ఆ కంపనం ఏ స్వరం పలకాలో కడ్డీ పొడవు, మందం, రాతి గుణం తేలుస్తాయి. కథలకంటే ఈ నిజమే నాకు గొప్పగా తోస్తుంది. ఆ శిల్పులు కొలతతో స్వరం కట్టారు.

అదే అల్ట్రాసౌండ్‌తో, కత్తి పెట్టకుండా మెదడులో శస్త్రచికిత్స చేసే యంత్రానికి కూడా కొలతే ప్రాణం. ఆ యంత్రంలో విద్యుత్తును ధ్వనిగా మార్చే భాగాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. అదే స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఇక్కడ కంపించేది మందం. ఇప్పుడు వాడే సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పింగాణీ బిళ్ల సెకనుకు పది లక్షలసార్లు కంపించాలంటే దాని మందం దాదాపు 2 మిల్లీమీటర్లు ఉండాలి. పలుచబడితే పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, హెచ్చుతుంది.

ఈ సూత్రాన్ని ఒక తెలుగు ప్రయోగశాల చక్కగా వాడుకుంది. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాన్ బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం అప్పుడు అక్కడ భౌతికశాస్త్ర ఆచార్యులు. ఆయన, సహపరిశోధకుడు భీమసేనాచార్ కలిసి, ఒక అంచు సన్నగా, మరో అంచు మందంగా కోసిన స్ఫటికాన్ని వాడారు. ఒక్కోచోట ఒక్కో మందం కనుక ఒకే ముక్క ఎన్నో పౌనఃపున్యాలు ఇస్తుంది. ఆ పద్ధతితోనే వజ్రం స్థితిస్థాపకతను కొలిచి 1944లో ప్రకటించారు. యుద్ధకాలంలో, సర్దుకున్న లాబొరేటరీలో చేసిన పని ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేజీ అయినా దక్కాల్సింది.

అదే 1942లో కొలంబియా విశ్వవిద్యాలయంలో లిన్, ఆయన సహచరులు స్ఫటికాన్ని పుటాకారంగా మలిచి ధ్వనిని ఒక బిందువు దగ్గరికి చేర్చారు. దారిలో ఉన్న కణజాలానికి పెద్దగా హాని జరగదు, బిందువు దగ్గర కాలుతుంది. 1950లలో ఇల్లినాయిలో ఫ్రై సోదరులు నాలుగు ట్రాన్స్‌డ్యూసర్ల కిరణాలను మెదడులో ఒకేచోట కలిపారు. కాకపోతే ముందు పుర్రె ఎముకను కోసి తీయాల్సి వచ్చేది. ఎముక ధ్వనిని మింగి వేడెక్కుతుంది, పైగా దాని మందం ఒక్కోచోట ఒక్కో తీరు. దాంతో తరంగాలు చెదిరిపోతాయి.

ఈ చిక్కు విప్పడానికి దశాబ్దాలు పట్టింది. నేటి యంత్రంలో తలమీద శిరస్త్రాణంలా దిగే అర్ధగోళం 30 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. అందులో 1024 చిన్న ట్రాన్స్‌డ్యూసర్లు. రోగి పుర్రెను ముందే సీటీ స్కాన్ తీసి, ఎముక ఎక్కడ ఎంత మందమో లెక్కగట్టి, ఒక్కో ట్రాన్స్‌డ్యూసర్‌కు ఒక్కో క్షణభేదం కేటాయిస్తారు. అన్ని తరంగాలూ లోపల ఒకే అడుగులో కలుస్తాయి. ఎముక ఎక్కువ మింగకుండా పౌనఃపున్యాన్ని సుమారు 650 కిలోహెర్ట్జ్‌కు దించారు. అర్ధగోళం అంత పెద్దది కావడానికి కారణం, వేడి పుర్రెలో ఒకేచోట పోగుపడకూడదని. తలకూ యంత్రానికీ నడుమ చల్లటి నీరు తిరుగుతూ ఉంటుంది.

చేతుల వణుకుకు చేసే చికిత్సలో రోగి మెలకువగానే ఉంటాడు. మొదట మెదడులో ఆ చోటును కొద్దిగా వేడిచేసి చేత్తో సుడిగీత గీయమంటారు. గీత నిలకడగా వస్తే చోటు సరైనదే. అప్పుడు వేడిని 55 డిగ్రీలు దాటిస్తారు. ఎంఆర్ఐ ఆ ఉష్ణోగ్రతను అప్పటికప్పుడు చూపిస్తుంది.

చేతులు వణికే ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఈ చికిత్సను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 జూలైలో అనుమతించింది. ఇది అందరికీ కుదరదు. ధ్వనిని లోపలికి పోనివ్వని పుర్రెలు కొన్ని ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతుంటే వయసు మీద నెట్టేయకండి. ముందు నరాల వైద్యునికి చూపించండి. చాలామందికి మందులతో కొంత ఉపశమనం దొరుకుతుంది.