కందెన నుంచి రబ్బరు దాకా: బండి బుష్ కథ

రెండు గట్టి భాగాలు ఒకదానిలో ఒకటి కదిలేచోట, అరుగుదల తన మీద వేసుకోవడానికి మధ్యలో దిగగొట్టే గొట్టంలాంటి ముక్క బుష్. అసలు భాగాలు ఖరీదైనవి, మార్చడం కష్టం. బుష్ చవక, అరిగితే తీసి కొత్తది వేయవచ్చు. ఈ ఉపాయం కారు కన్నా చాలా పాతది. ఎద్దుబండి చక్రపు కుండలో ఇనుప గొట్టం బిగించేది ఇందుకే. ఆ గొట్టం ఇరుసు మీద ఒరుసుకుంటూ తిరిగేది. ఒరిపిడి తగ్గడానికి ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు. పెట్టడం మరిచిపోతే బండి కీచుమంటూ ఊరంతటికీ చెప్పేది. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్న సామెత అలా వచ్చిందే.

19వ శతాబ్దంలో ఐరోపా గుర్రపు బగ్గీలకు ఉక్కు కమాన్ పట్టీలు సాధారణమయ్యాక బుష్‌కు కొత్త పని దొరికింది. బరువు పడితే కమాను నిడివి పెరుగుతుంది, బరువు తీస్తే తగ్గుతుంది. అందుకని దాని రెండు చివరలనూ చట్రానికి కదలకుండా బిగించడం కుదరదు. ఒక చివరను ఊగే లంకెకు తగిలించాలి. దాన్నే షాకిల్ అంటారు. పట్టీ చివర చుట్ట, చుట్టలో బుష్, బుష్‌లో పిన్ను ఉంటాయి. తొలినాటి కార్లు ఈ అమరికను ఉన్నదున్నట్టు తీసుకున్నాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కూడా కమాన్ పట్టీల మీద నడిచినదే.

ఈ లోహపు బుష్‌లకు శత్రువు రోడ్డు దుమ్ము. నూనెలో కలిసిన ఇసుక సానరాయిలా పనిచేసి పిన్నునూ బుష్‌నూ కలిపి తినేసేది. అందుకే తరచూ కొత్త గ్రీజు ఎక్కించి పాత మురికిని బయటికి తోయాల్సి వచ్చేది. గ్రీజు గన్ను, దాని మూతి పట్టే నిపుల్ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఈ పనిని సులువు చేశాయి. రోల్స్ రాయిస్ వంటి ఖరీదైన కార్లలో ఒక పెడల్ తొక్కితే సన్నని గొట్టాల గుండా అన్ని కీళ్లకూ నూనె చేరే ఏర్పాటు ఉండేది. మామూలు కారు యజమానికి మాత్రం గ్రీజు పని తప్పేది కాదు.

ఈ బాధను తప్పించింది రబ్బరు. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. గంధకంతో కలిపి వేడి చేస్తే ఆ గుణం పోతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. 1844లో పేటెంట్ వచ్చింది. అయితే రబ్బరు బుష్ కార్ల కింద చేరడానికి 1920ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆ దశాబ్దంలో ఫ్రాన్స్‌లో ‘సైలెంట్‌బ్లాక్’ పేరుతో ఒక బుష్ అమ్మకానికి వచ్చింది. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు లోహపు గొట్టాల మధ్య రబ్బరును బలంగా కుక్కి తయారుచేసినది అది. లోపలి గొట్టం చట్రానికి, బయటి గొట్టం కదిలే సస్పెన్షన్ చేతికి (ఆర్మ్) బిగుసుకుంటాయి. కదలిక వచ్చినప్పుడు ఏదీ దేని మీదా జారదు. రబ్బరే మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఒరిపిడి లేదు కనుక గ్రీజు అక్కర్లేదు, చప్పుడూ లేదు. రష్యన్, స్పానిష్ వంటి భాషల్లో ఈ విడిభాగానికి నేటికీ అదే పేరు. 1931లో క్రైస్లర్ సంస్థ ప్లిమత్ కారు ఇంజిన్‌ను రబ్బరు దిమ్మెల మీద నిలిపి అదుర్లు తగ్గించాక, లోహానికీ లోహానికీ మధ్య రబ్బరు ఉండడం కార్ల తయారీలో మామూలైపోయింది.

భారతదేశంలో ఈ మార్పు నిదానంగా సాగింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ ముందు చక్రాలు టార్షన్ బార్ల (మెలితిరిగే ఉక్కు కడ్డీల) మీద, వెనుకవి కమాన్ పట్టీల మీద నడిచేవి. గ్రీజు పెట్టాల్సిన కీళ్లూ రబ్బరు బుష్‌లూ ఆ ఒక్క బండిలోనే పక్కపక్కన ఉండేవి. 2014లో ఉత్పత్తి ఆగేదాకా మెకానిక్‌లకు రెండు విద్యలూ అవసరమయ్యాయి. 1983లో వచ్చిన మారుతి 800లో ముందు సస్పెన్షన్ చేతులు రబ్బరు బుష్‌ల మీదే ఆడేవి. దీనితో బాగుచేసే తీరూ మారింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీకి గన్‌మెటల్ బుష్ అరిగితే లేత్ మీద కొత్తది తీయించవచ్చు. రబ్బరు బుష్‌కు అచ్చు కావాలి, అందుకని పని లేత్ నుంచి స్పేర్ పార్ట్స్ దుకాణానికి మళ్లింది.

రబ్బరు బుష్ అరగదు, ముసలిదవుతుంది. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరును పగులగొడుతుంది, వేడి గట్టిపరుస్తుంది, ఇంజిన్ నుంచి కారే నూనె ఉబ్బించి మెత్తబరుస్తుంది. లోహపు బుష్‌ను కాపాడిన గ్రీజే దీనికి హాని. పైగా ఇది కందెన లేని బండిలా ముందుగా అరవదు. మొదట స్టీరింగ్ నిలకడ తప్పుతుంది, బ్రేకు వేస్తే బండి ఒకవైపు లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది, అలైన్‌మెంట్ చేయించినా నిలవదు. గుంతల్లో ‘టక్’మన్న చప్పుడు చాలాసార్లు చివరికి వస్తుంది. అప్పటికి రబ్బరు చిరిగి లోహం లోహాన్ని కొడుతుంటుంది.

పాత కారుకు బుష్‌లు మార్చేటప్పుడు ఒక నియమం వాటి తయారీ నుంచే వస్తుంది. బండి జాకీ మీద ఉండగా, చక్రం కిందికి వేలాడుతున్న స్థితిలో బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితికి కట్టుబడిపోతుంది. బండి కిందికి దిగాక అది ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. అందుకే చివరి బిగింపు బరువు చక్రాల మీద పడ్డాకే చేస్తారు. రెండు వైపులా ఒకేసారి మార్చడం కూడా ఆనవాయితీ. ఒకవైపు కొత్త బిగువు, మరోవైపు పాత వదులు ఉంటే నడక సమంగా ఉండదు.

ఇటీవలి కార్లలో చాలాచోట్ల బుష్ ఒక్కటే దొరకదు, లోయర్ ఆర్మ్ మొత్తం కొనాల్సి వస్తుంది. ఖరీదైన భాగాన్ని కాపాడడానికి పుట్టిన చవక ముక్క కోసం ఆ ఖరీదైన భాగాన్నే పారేయాల్సిన పరిస్థితి ఇది. మరోవైపు పాత కార్ల యజమానుల్లో కొందరు పాలీయురెథేన్ బుష్‌లు వేయిస్తున్నారు. అవి రబ్బరు కన్నా గట్టివి, నూనెకు చెడవు. కానీ చాలావరకు అవి రబ్బరులా మెలితిరగవు, లోపలి గొట్టం మీద ఒరుసుకుంటూ తిరుగుతాయి. అందుకని బిగించేముందు వాటికి గ్రీజు పూయాలి. పూయకపోతే ఎద్దుబండిలా కీచుమంటాయి.