నీటి మీద విస్తరి

ఓడ ఎక్కినవాడి ఆకలి ఓడవాడి పూచీ అన్న మాట మొదట్లో ఎక్కడా లేదు. తెరచాప ఓడల మీద అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లిన పేద యూరప్ కుటుంబాలు చాలాకాలం తమ పిండీ బంగాళదుంపలూ తామే మోసుకెళ్లి, డెక్కు మీది పొయ్యి దగ్గర వంతు కోసం కాచుకుని వండుకుతిన్నాయి. తుపాను పొయ్యి ఆర్పేస్తే ఆ పూటకి పస్తే. మా కోనసీమ కాలవల్లో గూటిపడవ ఎక్కినవాళ్ల సంగతీ ఇంచుమించు ఇదే. పడవ కేవు ఇస్తే చోటు దొరికేది, కూడు మాత్రం ఎవరిది వాళ్లదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలవలు తవ్వించింది పొలాలకి నీళ్లివ్వడానికే అనుకుంటాం గానీ, పడవలు నడవాలన్నది కూడా ఆయన లెక్కలో మొదటినుంచీ ఉంది. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న ఈ మధ్య డెల్టాలో ఆ తర్వాత తరాల తరబడి కాలవే పెద్ద దారి. కొబ్బరికాయలు పోయినా, ధాన్యం పోయినా, పెళ్లివారు పోయినా పడవ మీదే. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు ఇప్పటికీ చూడొచ్చు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూసేవారు. లస్కర్లు తూములెత్తితే లోపలి నీళ్లు అవతలి మట్టానికి వచ్చేదాకా పడవ మెల్లగా దిగేది, లేదా లేచేది. అప్పుడు గానీ ముందు తలుపులు తెరుచుకునేవి కావు. ముందు నాలుగు పడవలుంటే వాటి తర్వాతే మన వంతు. గెడ వేసి, ఒడ్డున తాడు లాగి నడిపించే పడవకి తొందరన్నది ఎక్కడ ఉంటుంది? ఒక రాత్రి, ఒక పగలు పట్టే ప్రయాణాలు మామూలు. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ అలాంటి కాలవ పడవ మీద, అలాంటి రాత్రే నడుస్తుంది.

అంతసేపు ప్రయాణం ఉన్నప్పుడు పడవలో భోజనం ఒక వ్యాపారంగా ఎదగాలి. మనదగ్గర ఎదగలేదు. దానికి కారణం దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. ఒకరు వండింది ఇంకొకరు తినని కాలం అది. మడి కట్టుకున్నవాళ్లు ఒడ్డున దిగి, స్నానం చేసి, వేరే పొయ్యి పెట్టుకుంటే తప్ప మెతుకు ముట్టరు. మిగిలినవాళ్లకి ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోరో, చద్దన్నమో, అటుకులో. సరంగు, గెడవాళ్లు పడవ వెనక కొసన మట్టిపొయ్యి మీద తమ అన్నం తాము వండుకునేవారు. ఆ అన్నం ఎంత ఘుమఘుమలాడినా అడిగి పెట్టించుకునేవాళ్లు తక్కువ. నీళ్ల మీద అందరూ కలిసి కూర్చునే బంతి మనకి లేకపోవడానికి సామాను కొరత కారణం కాదు, కులమే కారణం.

సముద్రం మీద కథ వేరు దారి పట్టింది. అక్కడ కులం లేదు గానీ తరగతి ఉంది, ఆ తరగతులే భోజనాన్ని ఒక కళగా పెంచాయి. 1840లో క్యూనార్డ్ వారి బ్రిటానియా మొదటిసారి అట్లాంటిక్ దాటినప్పుడు తాజా పాల కోసం ఒక ఆవుని కూడా ఎక్కించుకున్నారు. మంచు పెట్టెలు లేని రోజుల్లో అంతకంటే దారి లేదు. 1844లో పి అండ్ ఓ కంపెనీ ఉత్తరాలతోబాటు విహారానికీ మనుషుల్ని మధ్యధరా తిప్పడం మొదలుపెట్టింది. హాంబర్గ్ అమెరికా లైన్ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్ 1891 చలికాలంలో, అట్లాంటిక్ మీద బేరం పడిపోయే రోజుల్లో, అగస్టా విక్టోరియా ఓడని ఖాళీగా నిలపడమెందుకని మధ్యధరా విహారానికి పంపాడు. 1900లో కేవలం విహారానికనే కట్టిన మొదటి ఓడ ప్రింజెస్సిన్ విక్టోరియా లూయిజే అదే కంపెనీది.

ఈ కథలో అసలు మలుపు మాత్రం 1905. ఆ ఏడు నీళ్లలోకి వచ్చిన ‘అమెరికా’ అనే జర్మన్ ఓడలో బాలిన్ ఒక రెస్టారెంటు పెట్టించాడు. హోటళ్ల లోకంలో పేరుమోసిన సీజర్ రిట్జ్ బృందం దాన్ని తీర్చిదిద్దింది, వంట ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే పద్ధతి. అంతకుముందు మొదటి తరగతివాడైనా గంట కొట్టినప్పుడు పొడవాటి బల్ల దగ్గర కూర్చుని, పెట్టింది తినాల్సిందే. ఇక్కడ తనకి నచ్చిన వేళకి వచ్చి, కార్డు చూసి కోరింది తెప్పించుకోవచ్చు, డబ్బు వేరే. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది, దాన్ని లుయీజీ గాటి అనే ఇటాలియన్ నడిపేవాడు. అంటే యూరప్ ఓడ అప్పటినుంచీ ఊళ్లోని పెద్ద హోటలునే నీళ్లమీదికి తెచ్చుకుంది. ఒకదాని తర్వాత ఒకటిగా వంటకాలు రావడం, వెయిటరు పక్కనుంచి మెత్తగా వడ్డించడం, వైను గురించి చెప్పడానికి వేరే మనిషి, అన్నీ ఆ హోటలు సంప్రదాయమే.

అమెరికా పద్ధతి ఇంకో అరవై ఏళ్ల తర్వాత మయామీ రేవులో పుట్టింది. విమానాలు అట్లాంటిక్ ప్రయాణికుల్ని ఎత్తుకుపోయాక పాత ఓడలు చవకయ్యాయి. 1968లో ముగ్గురు నార్వే ఓడల యజమానులు కలిసి రాయల్ కరీబియన్ పెట్టారు. 1972లో టెడ్ ఆరిసన్ కార్నివాల్ మొదలుపెట్టాడు. ఆయన మొదటి ఓడ మార్డీ గ్రా మొదటి ప్రయాణంలోనే మయామీ దగ్గర ఇసుకలో దిగబడింది. అయినా ఆ వ్యాపారం నిలబడి గెలిచింది, ఎందుకంటే ఆయన ఓడలో తరగతులు లేవు. గుమాస్తా, దుకాణదారు, టీచరు, ఎవరెక్కినా ఒకటే భోజనశాల, ఒకటే పట్టిక. టికెట్టు కొన్నాక తిండికి లెక్క లేదు. ఈ ఒక్క నిర్ణయం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. మా బంతుల్లో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు ఆఖర్న కూర్చోవాలి అన్న తగువుల్ని చూసినవాడికి దాని విలువ తెలుస్తుంది.

రెండు పద్ధతుల తేడా ఈనాటికీ బల్ల దగ్గరే తెలుస్తుంది. మధ్యధరాలో తిరిగే కోస్టా, ఎమ్మెస్సీ ఓడల్లో రాత్రి భోజనం ఆలస్యంగా, తీరుబడిగా సాగుతుంది. ముందు చిన్న వంటకం, తర్వాత పాస్తా, ఆ తర్వాత చేపో మాంసమో, ఆఖరికి జున్నూ తీపీ. బల్ల మీదికొచ్చే మంచినీళ్ల సీసాకి కూడా బిల్లు వెయ్యడం అక్కడ ఆనవాయితీ. అమెరికన్లకి ఇది మింగుడుపడదు. వాళ్ల ఓడలో ఐసు వేసిన నీళ్లు కూర్చోగానే వస్తాయి, కాఫీ, టీ రోజంతా ఉచితం. రెండు ప్రధాన వంటకాల్లో ఏది కావాలో తేల్చుకోలేకపోతే రెండూ తెమ్మనవచ్చు, అదనంగా డబ్బు అడగరు, వింతగానూ చూడరు. బదులుగా ఒక్కొక్కరి ఖాతాలో రోజుకి కొన్ని డాలర్లు టిప్పు పేరుతో కలిపేస్తారు. వెయిటరు సంపాదనలో పెద్ద భాగం అదే. ఫిలిప్పీన్స్ నుంచో, గోవా నుంచో వచ్చిన ఆ కుర్రాడు నవ్వుతూ మీ పేరు గుర్తుపెట్టుకుంటున్నాడంటే అందులో అతని స్వభావం కొంత, ఇంటికి పంపాల్సిన డబ్బు కొంత. జర్మన్ల ఐడా సంస్థ 1996లో మొదలైనప్పుడు ఇంకో దారి చూపింది: టిప్పు టికెట్టులోనే, ఎక్కువగా బఫేలే, భోజనంతో బీరూ వైనూ ఉచితం. 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ రాత్రి భోజనానికి గంటా, బల్లా, దుస్తుల నియమం మూడూ ఎత్తేసింది. ఎవరికి ఇష్టమైన వేళకి వాళ్లు వెళ్లొచ్చు.

కోస్టా ఇప్పుడు కార్నివాల్ వారి సొంతం. కాబట్టి ఓడ ఎవరిదన్నది పట్టించుకోనక్కర్లేదు. టికెట్టు ఎవరికి అమ్ముతున్నారో వాళ్ల ఇంటి అలవాటే బల్లమీదికొస్తుంది. ముంబయి నుంచి తిరిగే కార్డీలియా ఓడ జైనుల భోజనం వేరుగా వండిపెట్టడానికి కారణం కూడా అదే. ఆ ఓడ 2022 జూన్‌లో విశాఖ వచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. తెలుగువాడు క్రూయిజ్ ఎక్కడానికి మయామీ వెళ్లక్కర్లేని రోజులు వచ్చాయి.

ఇక మన నది. రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే లాంచీని బాపు, ముళ్లపూడి వెంకటరమణ 1973లో ‘అందాల రాముడు’తో, శేఖర్ కమ్ముల 2006లో ‘గోదావరి’తో తెలుగువాళ్లందరి కళ్లముందు పెట్టారు. ఈలోగా కోనసీమలో రేవుల మీద వంతెనలు లేచాయి. బోడసకుర్రు దగ్గర, దిండి–చించినాడ దగ్గర, యానాం–ఎదుర్లంక దగ్గర. ఎదుర్లంక వంతెనకి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి పేరే పెట్టారు. పంట్ల మీద జనం తగ్గారు. సఖినేటిపల్లి రేవు వంటి కొన్నిచోట్లే పంటు ఇంకా అవసరంగా ఉంది. పని కోసం పడవ ఎక్కడం తగ్గిన తర్వాత విహారం కోసం ఎక్కడం మొదలైంది.

పాపికొండలు వెళ్లే పడవ టికెట్టులో ఇవాళ ఫలహారం, భోజనం కలిసే ఉంటాయి. తెలియకుండానే అది అమెరికా పద్ధతి. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, సాంబారు, అప్పడం, పెరుగు. వందమంది ఒకే గిన్నెలోది తింటారు. పక్కవాడి ఊరు అడుగుతారు గానీ కులం అడగరు. మా తాతల నాటి గూటిపడవతో పోలిస్తే ఇది ఎంత గొప్ప మార్పో నేను మనసారా ఒప్పుకుంటాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరం తర్వాత పడవలకి లైఫ్ జాకెట్లు, తనిఖీలు, కంట్రోల్ రూములు గట్టిపడ్డాయి. ప్రాణం తర్వాతే రుచి. ఆ వరసని ఎవరూ మార్చకూడదు.

రుచి సంగతికొస్తే, నేను చూసిన పడవల్లో మాత్రం వడ్డన అన్నదే పోయింది. కాగితం పళ్లెం చేతికిచ్చి వరసలో నిలబెడతారు. అన్నం మీద పప్పు, పప్పు మీద కూర, అంచున సాంబారు కారుతూ కుర్చీ దాకా నడవాలి. వయసు మళ్లిన ఆడవాళ్లు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పళ్లెం పట్టుకుని నిలబడటం చూస్తే బాధేస్తుంది. దిండిలో పడకగదులతో ఉన్న హౌస్‌బోట్లు కేరళ నమూనా. ధాన్యం మోసిన కెట్టువళ్లాలని వాళ్లు 1990ల్లో విహారపు ఇళ్లుగా మార్చుకున్నారు. ఒక వంటమనిషిని పడవలోనే ఉంచి, ఆ పూట వలలో పడ్డ చేపని ఆ పూటే వండించారు. మనం పడవ ఆకారం తెచ్చుకున్నంత శ్రద్ధగా ఆ వంటమనిషిని తెచ్చుకోలేదు.

అమలాపురం, అంబాజీపేట వైపు పెళ్లి బంతిలో కూర్చున్నవాళ్లకి వడ్డన అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కొస ఎడమవైపుకి వచ్చేలా ఆకు వేస్తారు. నీళ్లు చల్లి తుడుచుకున్నాక పైన ఉప్పు, ఊరగాయ, పక్కన తీపి. తర్వాత అన్నం, ముద్దపప్పు, ఆ వెనకే నేతిజారీ. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందా బచ్చలీ, ముక్కల పులుసు, ఆఖరికి గడ్డపెరుగు. వడ్డించేవాడు వంగి మొహం చూసి అడుగుతాడు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వదలడు. వరసగా వంటకాలు రావడంలో ఇది యూరప్ పద్ధతి, అడిగినంత పెట్టడంలో అమెరికా పద్ధతి, కొసరి పెట్టడంలో మాత్రం పూర్తిగా మనదే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నది పాత పక్షపాతం. పడవ మీద అందరికీ మనవాడయ్యే వడ్డన చెయ్యొచ్చు. కింద డెక్కులో పొడవాటి బల్లలు వేసి, రెండు విడతలుగా బంతి కూర్చోబెడితే చాలు. పెద్ద క్రూయిజ్ ఓడలు కూడా ముందు బంతి, వెనక బంతి అని రెండు వేళల్లోనే ఏళ్ల తరబడి వేలమందికి పెట్టాయి. వడ్డించే కుర్రాళ్ల జీతం టికెట్టులోంచే రావాలి. టిప్పు కోసం వాళ్లు చెయ్యి చాపే పరిస్థితి తేకూడదు.

పులస మాత్రం ఈ పడవల్లో దొరుకుతుందని ఎవరూ ఆశపెట్టకూడదు. అది సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చేది వరద రోజుల్లో, సరిగ్గా అప్పుడే విహారపు పడవలు ఆగిపోతాయి. పుస్తెలమ్మైనా తినాలన్న ఆ చేప కోసం ఒడ్డునే ఉండాలి. పడవలు తిరిగే చలికాలానికి మన దగ్గర కావలసినంత ఉంది: పొద్దున పనసాకు బుట్టల్లో ఉడికిన అంబాజీపేట పొట్టిక్కలు, కొబ్బరిపచ్చడి, మధ్యాహ్నం కంద, చిక్కుడు, చెరువు రొయ్యలు, మాఘం దాటాక పనసపొట్టు, చివర్లో ఆత్రేయపురం పూతరేకు. విస్తళ్లకి కొదవ లేదు, రావులపాలెం అరటి మార్కెట్టు దారిలోనే ఉంది.