కాళేశ్వరపు క్రమం, జావా చిక్కుముడి
గోదావరీ ప్రాణహితల సంగమమైన కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు: యముడు, శివుడు. తొలిపూజ కాళేశ్వరునికి, పిమ్మట ముక్తేశ్వరునికి. భక్తులెందరైనా క్రమమొక్కటే.

కంప్యూటరులో ఇట్టి క్రమం తప్పితే? ఒక థ్రెడ్ మొదటి తాళాన్ని, మరొకటి రెండవదాన్ని చేజిక్కించుకొని, ఎదుటిదాని చేతిలోని తాళానికై వేచియుంటాయి. రెండూ కదలవు. అదే డెడ్‌లాక్. 1965లో డైక్‌స్ట్రా దీనిని మృత్యుకౌగిలి అన్నాడు. 1968లో హావెండర్ విరుగుడు చెప్పాడు: అందరూ ఒకే వరుసలో వనరులను కోరాలి. 1971లో కాఫ్మన్ బృందం నాలుగు హేతువులను వివరించింది. ఒక్కటి తొలగినా ముడి పడదు.

1995లో వెలువడిన జావా తాళాలిచ్చింది గాని, పడిన ముడిని తానై విప్పదు. ఖాతాల మధ్య సొమ్ము మార్చేవేళ చిన్న సంఖ్యగల ఖాతాకే ముందు తాళం వేయాలి. లేకుంటే ఇరువురి సొమ్మూ నిలిచిపోవచ్చు. కాళేశ్వరంలో నిత్యం పాటించే సూత్రమిదే కదా!