రామదండు: ఆయుధము లేని సాము

గుంటూరు సీమ పల్లెలలో సాముగరిడీ ఒకప్పుడు పిల్లల పెంపకములోనొక భాగము. దసరా దినములలో కఱ్ఱసాము, కత్తిసాము చూపు యువకులు ముందు ఆంజనేయునకు మ్రొక్కి, గురువు పాదములంటి, పిమ్మటనే బరిలో దిగెడివారు. దెబ్బ కొట్టుట నేర్పిన గురువే కొట్టక నిలుచుటయు నేర్పవలెను. లేకున్న శిష్యుడు ఊరికి రక్షకుడు గాక పీడయగును. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధములకు కార్తికమాసమున నేటికిని పూజ జరుగుచున్నది. ఆ యుత్సవములో మందపోరునాడు కులభేదము లేని చాపకూడు గూడ కలదు. శౌర్యమును, సహపంక్తిని ఆ జనులు వేఱు వేఱుగా తలపలేదు కాబోలు.

ఈ సంస్కారమునే స్వరాజ్యోద్యమమునకు మలచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో జన్మించి, బాపట్లలో చదివి, ఎడింబరోలో ఎం.ఏ. పట్టము పొందిన యాతడు చీరాలలో ‘రామదండు’ను కూర్చెను. పేరు వినగానే భజన సమాజమని తలపరాదు. అది కాషాయవస్త్రములు, రుద్రాక్షలు ధరించి, నాయకుని యాజ్ఞకు కట్టుబడి నడచిన సేవాదళము. హనుమంతుని సేన దానికి ఆదర్శము. చేతిలో మాత్రము ఆయుధము లేదు. 1921లో విజయవాడ కాంగ్రెసు సభలకు వెల్లువగా వచ్చిన జనమును క్రమములో నుంచినవారు వీరే.

అసలు పరీక్ష చీరాలలోనే వచ్చెను. 1919లో చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘము నేర్పరుపగా, సుమారు నాలుగు వేల రూపాయల పన్ను నలువది వేలకు పెరిగెను. జనులలో పెక్కురు మగ్గముపై బ్రతుకువారు. అంత పన్ను వారికి తలకు మించిన భారము. చెల్లింపనివారు జైళ్లకు పోయిరి, వారిలో స్త్రీయు నుండెను. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ వచ్చి రెండు మార్గములు తెలిపెను: శాంతియుతముగా పన్ను నిరాకరించుట, లేదా ఊరు విడిచి పురపాలక సరిహద్దు దాటుట. జనులు రెండవదానిని వరించిరి. పదునైదు వేల జనములో పదమూడు వేలమంది వఱకు కదలి, ఊరి వెలుపల రామనగరులో గుడిసెలు వేసికొనిరి. ఎండకును, వానకును ఓర్చి పదునొకండు నెలలు గడపిరి.

కండబలము గల యువకులకు ఇంతకంటె కఠినమైన సాము వేఱొకటి యుండునా? తమ యిండ్లు కనుచూపు మేరలోనే పాడువడుచుండగా వారు చేయి యెత్తక కావలి కాయవలెను, క్రమము చెడకుండ చూడవలెను. గరిడీలో నేర్చిన యోర్పునకు ఇది పరాకాష్ఠ.

పోరాటము మాత్రము ఫలింపలేదు. నిషేధాజ్ఞను మీఱి బరంపురమున ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యకు ఒక సంవత్సరము కారాగార శిక్ష పడెను. భారమంతయు నొక్క నాయకునిపై నుంచుట ఆ దండులోని లోపమని చెప్పక తప్పదు. ఆతడు లేనిచో ధనమును, ధైర్యమును సన్నగిల్లెను. జనులు తిరిగి తమ యిండ్లకు చేరిరి, పురపాలక సంఘము నిలిచెను. విడుదలయైన పిదప దారిద్ర్యముతోను, క్షయవ్యాధితోను పెనగులాడి, 1928 జూన్ 10న, ముప్పది తొమ్మిదవ యేట, ఆతడు కన్నుమూసెను.