రోజుకో రూపాయి, నెలకో పద్దు

నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల్లో ఆడవాళ్లు డబ్బు దాచడం పొదుపు సంఘాలతోనే మొదలైందని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. మా అమ్మ పోపుల డబ్బాలో చిల్లర దాచేది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఊళ్లో ఇంటింటా అదే పద్ధతి. అయితే ఎవరి దగ్గర ఎంత ఉందో పక్కింటికి తెలియదు, ఎక్కడ ఖర్చయిందో దాచిన మనిషికే గుర్తుండదు. 1990ల్లో కొత్తగా వచ్చింది లెక్క రాయడం, రాసింది పదిమందిలో చదవడం. మా ఊరి సంఘానికి మొదట్నుంచీ పుస్తకాలు రాశాను గనుక ఆ సంగతి చెప్పే బాధ్యత నాదనుకుంటున్నాను.

మాది కలిగిరి వైపు ఊరు. వానాధారం సేద్యం. పొగాకు రెలిపే రోజుల్లో చేతినిండా కూలి, ఎండలు ముదిరాక ఖాళీ. నాలుగు నెలల సంపాదనతో ఏడాదంతా గడవాలి. అలాంటి చోట 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు వచ్చాయి. పొద్దుగూకే వేళకి మగవాళ్ల కూలి డబ్బు దుకాణంలో ఉండేది. ఇల్లు ఆడవాళ్ల కూలితోనే నడిచేది, అది చాలకపోతే వడ్డీకి తేవడమే.

1991లో జిల్లా అంతటా అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అక్షరదీపం రాత్రిబళ్లు ఊరూరా వెలిశాయి. పది చదివానని నాకు మా వీధి ఆడవాళ్లకు చదువు చెప్పే పని అప్పగించారు. వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సారా ఒక సంసారాన్ని ఎలా కూల్చిందో చెప్పే కథ అది. అక్షరాల తర్వాత అంకెలు నేర్పాలి. నేను వాళ్ల ఇంటి ఖర్చునే లెక్కగా ఇచ్చాను. పలక మీద బియ్యం, కిరసనాయిలు, ఉప్పూ మిరపకాయలు, సారా అని నాలుగు వరుసలు గీసి, రోజు ఖర్చును ముప్ఫయితో గుణించమన్నాను. చాలా పలకల మీద సారా అంకె బియ్యం అంకెను దాటింది. వాళ్లకు తెలియని విషయమేం కాదు. కానీ తమ చేత్తో రాసుకున్న అంకె అది. దాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

మా జిల్లాలోని దూబగుంట ఊళ్లో రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమైంది. అది చదివిన ఊరల్లా తన దుకాణం ముందు నిలబడింది. 1992లో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చరిత్ర పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. మాకు అసలు పని ఇక్కడే మొదలైంది. మిగిలిన డబ్బును ఏం చేయాలి?

జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు ఏర్పడ్డాయి. మనిషికి రోజుకో రూపాయి. పదిహేను మంది చేరితే నెలకు 450, ఏడాదికి 5,400. రూపాయే ఎందుకంటే అది కూలికెళ్లే మనిషి కూడా ఇవ్వగలిగింది. ఎకరాలున్న ఆమె కూడా అంతే ఇవ్వాలి. దాంతో సంఘంలో అందరి మాటకూ ఒకే విలువ వచ్చింది.

నెలకోసారి మీటింగు. సభ్యుల పాసుపుస్తకాలు, పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం, జమాఖర్చుల పుస్తకం, తీర్మానాల పుస్తకం చాప మీద పరిచేవాళ్లం. “నా పేరు కాడ ఏముందో చదవమ్మా” అని ఒక ముసలమ్మ ప్రతి నెలా అడిగేది. పైసలతో సహా తనకు నోటికొచ్చు. అయినా నలుగురిలో చదివించుకునేది.

అప్పిచ్చేటప్పుడు అసలు చదువు సాగేది. ఇద్దరికి సరిపడా డబ్బుంటే ఐదుగురు అడిగేవాళ్లు. ఎవరికి ముందు? ఎందుకు కావాలి, ఎప్పుడు తీరుస్తావు, తీర్చే నెలలో నీకు కూలి ఉంటుందా అని అందరూ అడిగేవాళ్లు. విత్తనాలకు, వైద్యానికి, బడి ఫీజుకు ముందు, పట్టుచీరకు తర్వాత. వెయ్యి రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చి నెలకు వంద చొప్పున అసలు కట్టించుకుంటే, పది నెలల వడ్డీ మొత్తం 110. అదే వెయ్యి బయట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి, పది నెలల తర్వాత అసలు ఒక్కసారిగా తీరిస్తే వడ్డీ 500. పైగా మా 110 మా సంఘంలోనే ఉంటుంది. ఈ లెక్క ఒక్కసారి వేసి చూపిస్తే చాలు, మరో ఉపన్యాసం అక్కర్లేదు. రెండో ఏడు వచ్చేసరికి మా వాళ్లు జూన్‌లో పిల్లల పుస్తకాలకు ఎంత కావాలో పొగాకు పనుల నాడే చెప్పి పెట్టుకునేవాళ్లు. బడ్జెట్ అన్న మాట మాకు అప్పటికి తెలియదు, పని మాత్రం తెలుసు.

1992లోనే నాబార్డ్ 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. కూడబెట్టినదానికి నాలుగింతల దాకా అప్పు దొరికే వీలు కలిగింది. వేలిముద్ర వేసిన చేత్తోనే సంతకం చేసి బ్యాంకు మెట్లెక్కినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) వచ్చాక గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు నిలదొక్కుకున్నాయి. 2004లో పావలా వడ్డీ వచ్చింది. అంటే ఏడాదికి నూటికి మూడు రూపాయలే. ఇవన్నీ మేలు చేశాయి.

కానీ అప్పు సులువైన కొద్దీ పద్దు వెనకబడింది. పుస్తకం రాసే పని ఒకరికి వదిలేసి మిగతావాళ్లు సంతకాలకే వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాకిట్లోకొచ్చాయి. వాళ్లు వారం వారం కంతు అడిగారేగాని, తీర్చే వారంలో కూలి ఉంటుందా అని అడగలేదు. ఒక కంతు కోసం మావాళ్లు ఇంకో అప్పు చేశారు. 2010 అక్టోబర్‌లో ఆ కంపెనీలను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పరిస్థితి వచ్చింది. చదువుకున్న ఇళ్లు కూడా మునిగాయి. అప్పు కంటే ముందు నలుగురూ అడిగే ఆ ప్రశ్నలు కరువవడమే కారణమని నా నమ్మకం.

ఇప్పుడు నా కోడళ్ల వయసు పిల్లలు ఫోన్‌లోనే డబ్బు పంపుతారు, ఫోన్‌లోనే అప్పు తీసుకుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నెలకోసారి ఇంట్లో అందరూ కూర్చుని ఆ నెల లెక్క పైకి చదవండి. ఏ అప్పయినా ఇంకొకరు మూడు ప్రశ్నలు వేశాకే తీసుకోండి: ఎందుకు, ఎప్పుడు తీరుస్తాం, ఆ నెలలో ఏ డబ్బుతో? మా తరం పలక మీద నేర్చుకున్నది ఇదే. దీనికి పెద్ద జీతం అక్కర్లేదు. రోజుకో రూపాయి ఇవ్వగలిగిన వాళ్లం నేర్చుకున్నాం.