తాబేటికి కట్టిన గోడలు

నల్లగొండ, పాలమూరు సీమలు మెట్ట నేలలు. కందూరి చోడుల యేలుబడిలో పానగల్లున వెలసిన ఉదయసముద్రము వంటి పెద్ద చెరువులు కొన్ని యున్నను, పెక్కు పల్లెలకు ఆధారము చిన్న కుంటలే. వేసవిలో కుంట యెండగానే అందలి తాబేలు బురదలో దూరి, తొలకరి వరకు కదలక పడియుండును. ఆ రోజులలోనే దానికి గండము. నక్కలు, కుక్కలు వాసన పట్టి త్రవ్వును. మాంసమునకై మనుష్యులును గడ్డపారలతో వెదకుదురు.

ఇట్టి సీమలో తాబేటికి దొరకిన మొదటి కోట చేదబావి. బావిలో తాబేలున్నచో నీరు నిర్మలముగా నుండుననియు, ఇంటికి మేలు కలుగుననియు పెద్దల నమ్మకము. రాతికట్టు లోతునకు నక్క దిగలేదు, గ్రద్ద వాలలేదు. కాని యెండకాగుటకు గట్టు లేని బావిలో తాబేటి బ్రదుకు సుఖము కాదు. శత్రువు నుండి కాపాడుట వేరు, చక్కగా పెంచుట వేరు.

నీటి తాబేటికి బావి చాలినను, నేలమీద తిరుగు నక్షత్రపు తాబేటికి ఆవరణము కావలెను. అట్టి ఆవరణమునకు తెలుగునాట పేరుగన్న చోటు శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మము. విష్ణువు కూర్మరూపమున పూజలందు ఆ కోవెలలో నరహరితీర్థుల 1281 నాటి శాసనము కలదు. భక్తులు మ్రొక్కుగా తెచ్చిన తాబేళ్లను ఆలయ ప్రాంగణమునందే పెంచుచు వచ్చిరి.

పెరిగిన తాబేలు తల, కాళ్లు ముడుచుకొన్నచో చిన్న జంతువులకు లొంగదు. గ్రుడ్డు వెడలిన పిల్లకు మాత్రము చిప్ప మెత్తన. కాకి పొడిచి తినును, ముంగిస యెత్తుకొనిపోవును. అందుచే ఆవరణపు గోడను నేలలోనికి కొంత దించి కట్టవలెను. లేనిచో కుక్కయు పందికొక్కును క్రిందినుండి త్రవ్వి వచ్చును. పిల్లలున్న చోట పైన వల కప్పి, రాత్రివేళ తలుపుగల అరలో చేర్చవలెను.

ఇట్టి జాగ్రత్త యెంత ఫలించునో హైదరాబాదు చూపినది. నాంపల్లి బాగే ఆమ్‌లో నుండిన రాక్షసి తాబేటినొకదానిని 1963లో, నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరచిన యేట, అచ్చటికి తరలించిరి. చాణక్య యను ఆ తాబేలు దాదాపు 125 ఏండ్ల వయసున 2024 మార్చిలో మరణించెను. ఆ అరువదేండ్లలో కావలివారు మారిరి, ప్రభుత్వములు మారెను. దాని రక్షణ మాత్రము తప్పలేదు.

అయినను సంచిలో వేసికొని గోడ దాటు మనుష్యుని ఏ వల ఆపగలదు? వేడుకకై పెంచువారి కోసము నక్షత్రపు తాబేళ్లను దొంగచాటుగా విదేశములకు పంపు వ్యాపారము ప్రబలినది. కావుననే చట్టమును గోడగా నిలుపవలసి వచ్చెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఈ తాబేటిని పట్టుట, అమ్ముట, ఇంట పెంచుట నేరము. 2019లో జెనీవా సమావేశమున దేశదేశములవారు దీని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించిరి. 2022 సవరణచే మన చట్టపు మొదటి షెడ్యూలులో చేరినది.

కావున నేడు ఆవరణములు కట్టవలసినది మన పెరటిలో కాదు; అనుమతిగల జంతుశాలలలోను, పట్టుబడిన తాబేళ్లను సాకు కేంద్రములలోను. చేనిలో తాబేలు కనబడినచో ఇంటికి తేవలదు. గాయపడినదైనచో అటవీశాఖవారికి తెలుపుడు. కుంట బురదలో దాగినదానిని త్రవ్వకుడు. తొలకరి పడువరకు ఆ బురదయే దాని యిల్లు.