కోలారు బంగారము - రూపాయి మారకపు విలువ

కె.ఆర్.పురము నుండి తూర్పునకు సాగు పాత మదరాసు రహదారి హొసకోట, కోలారు, ముళబాగిలుల మీదుగా పోయి చిత్తూరు మండలమున ప్రవేశించుచున్నది. ఈ దారి కిరుప్రక్కల గ్రామములలో తెలుగు చిరకాలముగా ఇంటిభాష. కోలారునకు ఆగ్నేయమున నున్న గనుల నుండి 1880 మొదలు 2001 వఱకు వెలువడిన బంగారము సుమారు 800 టన్నులని అంచనా. అయినను ఆ గనులు తెరువబడిన కాలమందే రూపాయి విలువ సంవత్సరమున కొకింతగా పడిపోవుచుండెను. అవి మూతపడుటకు పదేండ్లు ముందుగా భారతదేశము తన బంగారమును విదేశములలో కుదువబెట్టవలసి వచ్చెను. పెరటిలో బంగారము పండుచుండగా ఇంటి నాణెమునకు నిలుకడ లేకపోవుట ఎట్లు సంభవించెనో పరిశీలింపదగియున్నది.

1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ మారికుప్పము, ఉరిగాము ప్రాంతముల గ్రామస్థులు మన్ను కడిగి బంగారు రవ్వలు తీయుటను గమనించెను. యంత్రములతోడి త్రవ్వకము 1880 నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ అను లండను సంస్థ యాజమాన్యమున సాగెను. తొలి యేండ్లలో పెట్టుబడి చాలవఱకు హరించుకొని పోయిన పిదప గాని సమృద్ధమైన పొర చేతికి చిక్కలేదు. 1876-78 నాటి ధాత కరవులో చితికిపోయిన గ్రామములనుండి తెలుగువారు, తమిళులు కూలికై వచ్చి చేరిరి. జోలారుపేట నుండి బెంగుళూరు దండుకు 1864లోనే పడిన రైలుమార్గమున బౌరింగుపేట అను స్టేషను కలదు. లెవిన్ బౌరింగ్ అను కమిషనరు పేర వెలసిన ఆ ఊరిని జనులు బంగారపేటగా మార్చుకొనిరి. అసలు పేరుకంటె ఈ మార్పు పేరే సార్థకమని చెప్పవలయును.

ఆనాటి రూపాయి వెండి నాణెము. ఎవరు వెండి తెచ్చి టంకశాలలో నిచ్చినను స్వల్పమైన రుసుముపై దానిని రూపాయలుగా ముద్రించి యిచ్చుచుండిరి. కావున రూపాయి విలువ యనగా దానిలోని వెండి విలువయే. 1871 తరువాత జర్మనీ స్వర్ణ ప్రమాణమును స్వీకరించి వెండిని అమ్మజూపెను; ఫ్రాన్సు మున్నగు దేశములు వెండి ముద్రణను క్రమముగా నిలిపివేసెను; అమెరికాలోని నెవడా గనుల వెండి మార్కెట్టును ముంచెత్తెను. కొనువారు తగ్గి అమ్మువారు పెరుగగా వెండి ధర దిగజారెను. 1873-74లో రూపాయికి సగటున 22 పెన్నీలకు పైగా లభించుచుండగా, 1892-93 నాటికి 15 పెన్నీలైనను నిండుగా రాలేదు.

ఇచట ఒక చిక్కు ప్రశ్న గలదు. ఆ కాలమున భారతదేశపు ఎగుమతులు దిగుమతుల కంటె హెచ్చు. ప్రత్తి, గోధుమ, నూనెగింజలు, తోళ్లు మొదలగునవి ఓడల కెక్కుచునే యుండెను. వ్యాపార శేషము అనుకూలముగ నున్న దేశమునకు బంగారమో వెండియో వచ్చి చేరి, నాణెము బలపడవలెనని పాఠ్యగ్రంథములు చెప్పును. ఇచట అట్లు జరుగలేదు. ఆ శేషములో పెద్ద భాగము సీమ ఖర్చులకు పోయెను. అప్పులపై వడ్డీ, రైల్వే కంపెనీలకు పూచీపడిన లాభము, పింఛనులు, సైనిక వ్యయము అను వీని నన్నిటిని భారత ప్రభుత్వము లండనులో పౌనులలో చెల్లింపవలసి యుండెను. భారతమంత్రి లండనులో కౌన్సిలు బిల్లులను అమ్మును. భారత సరకు కొనువారు పౌనులిచ్చి వానిని కొందురు. ఇచట ఖజానా ఆ బిల్లులకు రూపాయలు చెల్లించును. ఇట్లు రైతు అమ్మిన పంటకు ధర ఆ రైతు కట్టిన పన్నుల నుండియే ముట్టుచుండెను. ఈ ఏర్పాటులోని నేర్పును మెచ్చుకొనవచ్చును గాని న్యాయమును మెచ్చుకొనుట కష్టము.

దీని భారమెంతయో లెక్కలే చెప్పును. 1873-74లో లండనునకు పంపిన 1 కోటి 33 లక్షల పౌనులకు సుమారు 14 కోట్ల 27 లక్షల రూపాయలు పట్టెను. 1892-93లో 1 కోటి 65 లక్షల పౌనులకు 26 కోట్ల 48 లక్షలు కావలసి వచ్చెను. పౌనులలో బాకీ నాల్గవ వంతు పెరిగెను. రూపాయలలో అది ఇంచుమించు రెట్టింపయ్యెను. ఆ వ్యత్యాసము పన్నులరూపమున ప్రజలపై బడినది.

నాణెము పడిపోవుట అందఱికిని నష్టము కాదు. కోలారు గనులకు అది లాభమే యయ్యెను. వారి సరకు బంగారము, దాని ధర పౌనులలో స్థిరము. కూలీలకిచ్చునది రూపాయలు. 24 పెన్నీల రేటున పౌనునకు 10 రూపాయల కూలి గిట్టును. 15 పెన్నీల రేటున 16 రూపాయల కూలి గిట్టును. రూపాయి చిక్కినకొలది లోతైన గని త్రవ్వుట చౌక యయ్యెను. లాభాంశములు లండను వాటాదారులకు చేరెను. మైసూరు సంస్థానమునకు నూటికి 5 వంతుల రాజస్వము మాత్రము దక్కెను. ఆ సంస్థానమును 1799 సంధి ననుసరించి ఏటేట 7 లక్షల వరాహలు, అనగా వరాహ 1కి మూడున్నర రూపాయల వంతున 24 లక్షల 50 వేల రూపాయలు, కప్పముగా ఇంగ్లీషువారికి చెల్లించుచుండెను. బంగారు వరాహలతో వ్రాసికొన్న బాకీ వెండి రూపాయలలో స్థిరపడుట ఈ ఒక్కచోట బాకీదారునకు మేలు చేసెనేమో యనిపించును.

1893 జూన్ 26న టంకశాలలు ప్రజల వెండి ముద్రణను మానివేసెను. అప్పటినుండి రూపాయి తనలోని వెండికంటె హెచ్చు విలువ గల గుర్తు నాణెమైనది. 1898 నాటికి 16 పెన్నీలవద్ద నిలిచెను. ప్రభుత్వము బరువు తేలికయైనది. అయితే కడియములు, అందెలు కరవునాటికి దాచుకొన్న పల్లెజనుల వెండికి ఇక రూపాయలుగా మాఱు హక్కు పోయినది. 1896-97లో కరవు వచ్చినపుడు తులము వెండి తులము రూపాయి కాదని వారికి తెలిసివచ్చెను. గనులు మాత్రము తగ్గలేదు. 1905 ప్రాంతమున అవి ఏటికి 6 లక్షల ఔన్సుల వఱకు బంగారమునిచ్చి శిఖరము నందుకొనెను.

1931 సెప్టెంబరు 21న బ్రిటను స్వర్ణ ప్రమాణమును విడిచెను. 18 పెన్నీల రేటున స్టెర్లింగుతో ముడివడిన రూపాయియు దానితోపాటు జారెను. బంగారము ధర రూపాయలలో పెరిగెను. అప్పటికే పంటల ధరలు సగమునకు పడిపోయియుండెను. శిస్తునకు, షాహుకారు వడ్డీకి రూపాయి కావలసిన రైతు ఇల్లాలి మెడలోనిది అమ్మెను. ఆ దశాబ్దమున 300 కోట్ల రూపాయలకు పై విలువ గల బంగారము దేశము దాటిపోయెను. ఎగుమతిని నిషేధింపవలెనను కోరికను ప్రభుత్వము పాటింపలేదు. గనిలోని బంగారము వెళ్లిన త్రోవనే పెట్టెలోని బంగారమును వెళ్లెను.

1956లో గనులు మైసూరు ప్రభుత్వపు సొత్తయ్యెను. 1962లో కేంద్రమునకు మాఱెను. అప్పటి అంతర్జాతీయ ధర ఔన్సునకు 35 డాలర్లు, అనగా తులమునకు 62 రూపాయల 50 పైసలు. బజారు ధర అంతకంటె చాల హెచ్చు. గనులకు చాలకాలము అంతర్జాతీయ ధరయే ముట్టినది. కూలి, కరెంటు ఖర్చు మాత్రము బజారు ననుసరించి పెరుగుచుండెను. పూర్వము రూపాయి పతనము వలన లాభించిన గనులు ఇపుడు కాగితముపై నిలిపిన ధర వలన నష్టపడెను. 1966 జూన్ 6న డాలరు 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలయ్యెను.

1990లో గల్ఫ్ సంక్షోభము వలన చమురు ధర పెరిగి, స్వల్పకాలపు విదేశీ అప్పులు మీదపడగా, 1991లో విదేశమారకము కొద్ది వారముల దిగుమతులకే సరిపోవు స్థితి ఏర్పడెను. మేలో 20 టన్నుల బంగారము స్విట్జర్లాండు బ్యాంకునకు పోయెను. జూన్ 21న తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధాని యయ్యెను. జూలైలో రిజర్వు బ్యాంకు బంగారము సుమారు 47 టన్నులు లండను చేరెను. అదే నెల 1, 3 తేదీలలో రూపాయి విలువ తగ్గింపబడెను. విదేశ చెల్లింపుల వ్యవహారము చూచుచుండిన ఆర్థికశాఖాధికారి వై.వి. రెడ్డి తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరైనారు.

2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడెను. అప్పుడు ఔన్సు ధర సుమారు 260 డాలర్లు. అటుపై పదేండ్లలో అది ఐదింతలు దాటెను. పని పోయిన కుటుంబములలో పలువురు మారికుప్పము రైలెక్కి కె.ఆర్.పురము మీదుగా బెంగుళూరు కొలువులకు పోవుట కలవాటుపడిరి. 2009లో దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా నుండగా రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధినుండి 200 టన్నుల బంగారమును 670 కోట్ల డాలర్లకు కొనెను. ఆయన పదవీకాలపు కడపటి యేట, అనగా 2012-13లో, దేశపు కరెంటు ఖాతా లోటు జాతీయోత్పత్తిలో 4.8 శాతమునకు చేరెను. ఆ యేడు ఒక్కదానిలో దిగుమతియైన బంగారమే 800 టన్నులకు పైబడినది. కోలారు నూట ఇరువది యేండ్లలో ఇచ్చినదియు ఇంచుమించు అంతియే. 2013 ఆగస్టులో బంగారముపై దిగుమతి సుంకమును 10 శాతమునకు పెంచిరి. ఆ నెలాఖరునకు డాలరు 68 రూపాయలు దాటెను.